తంగేడు చుట్టాలను తేల్చిన పది రెట్ల భూతద్దం: ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, తంగేడు ఒక్కదాన్ని గుర్తుపట్టడానికైతే ఈ భూతద్దం కొనకండి. దానికి కళ్ళు చాలు, ఎలాగో కింద చెప్తాను. కానీ తంగేడుకు చుట్టాలు చాలామంది ఉన్నారు. అదే పసుపు, అవే ఐదు రేకులు, ఈనెకు రెండు పక్కలా అవే చిట్టి ఆకులు. వాటన్నిటినీ వరసగా పెట్టి ఏది ఏదో చెప్పమంటే మాత్రం, బొటనవేలంత ఉండే ఈ మడత అద్దం లేకుండా నావల్ల కాలేదు. ఏడాదిగా వాడుతున్నా. నల్గొండ గుట్టల మీద, దేవరకొండ రోడ్డు పొడుగునా, ఒకసారి ఉమామహేశ్వరం మెట్ల దగ్గర, మిగతా రోజుల్లో మా ఇంటి వెనక. కొన్నవాళ్ళు రెండో రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేసి వెళ్ళిపోతారు, వాటిని నమ్మే నేను మొదటిసారి మోసపోయాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

అసలు ఇదంతా ఎందుకు మొదలైందంటే, నర్సరీవాడి వల్ల. మాది నల్గొండే. పెళ్ళై వచ్చిన కొత్తలో ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే గుట్ట మొదలయ్యేది, పెత్రమాస నాడు తెల్లారకముందే అత్తమ్మా నేనూ బుట్ట పట్టుకుని వెళ్తే ఎండెక్కేలోపు బతుకమ్మకు సరిపడా తంగేడు, గునుగు తెచ్చేసేవాళ్ళం. ఇప్పుడు ఆ గుట్ట కిందంతా ప్లాట్లు, సున్నం పూసిన హద్దురాళ్ళు. తంగేడు కట్టలు మార్కెట్లో కొంటున్నాం. "తంగేడు పువ్వుకు పైసలిచ్చుడేందే" అని అత్తమ్మ ప్రతి ఏడూ ఒక్క రోజైనా అనకుండా ఉండదు. సరే, ఇంటి వెనక ప్రహరీ పొడుగునా మనమే పెట్టేసుకుందామని మూడేళ్ళ కింద హైవే మీద ఒక నర్సరీలో ఆరు మొక్కలు కొన్నాం, ఒక్కోటి 40 రూపాయలు. పేరు చెప్పను, అలాంటి నర్సరీలు ఆ రోడ్డు మీద బోలెడు. "తంగేడేనా?" అని రెండుసార్లు అడిగాను. "తంగేడే అక్కా, సర్కారు పువ్వు" అన్నాడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు కదా, అదన్నమాట.

రెండేళ్ళు గడిచాయి. తంగేడు అంటే పొద, మహా అయితే మనిషిని దాటుతుంది. ఇది చూస్తే మేడ ఎక్కుతోంది. మా ఆయన సంతోషపడ్డాడు, నీడ వస్తోందని. తర్వాత పూసింది, కొమ్మ చివర్న పెద్ద పెద్ద గుత్తులుగా, పసుపే, కానీ పువ్వు చిన్నది. అత్తమ్మ కర్ర ఊతంగా వెనక్కి వచ్చి ఒక్క చూపు చూసి, "గిది సీమ తంగేడు గదనే, రోడ్ల పొంటి పెడతరు" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండేళ్ళ నీళ్ళు, ఎరువు, గోడకు పగులు వస్తుందేమోనన్న టెన్షన్, అన్నీ సీమ తంగేడుకు పోసినట్టు. నర్సరీకి వెళ్ళి అడిగితే "పసుపు పూలే గదక్కా" అన్నాడు. కోపం వచ్చింది కానీ, మొక్కగా ఉన్నప్పుడు తేడా ఎట్లా చెప్పాలో నాకూ తెలియదు కదా, అడగడానికి మొహం చెల్లలేదు.

ఫోన్లో ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఒకటి వాడి చూశాను. ఆకు ఒక్కటే చూపిస్తే సీమ తంగేడుకు తంగేడు పేరు చెప్పింది, కసింద చూపిస్తే ఇంకేదో చెప్పింది, అదే కొమ్మను వేరే వైపు నుంచి తీస్తే మళ్ళీ మాట మార్చింది. దాని తప్పు కూడా పూర్తిగా కాదులెండి. పువ్వు ఫోటోలో పసుపు కనిపిస్తుంది, తేడా ఉన్నదేమో ఆకు మొదట్లో, ఈనె మీద, ఒకటి రెండు మిల్లీమీటర్ల జాగాలో. అది మన ఫోటోలో ఉండదు. అప్పుడే అర్థమైంది, ఈ కుటుంబంలో పువ్వు చూసి లాభం లేదు, ఈనె చూడాలి, ఈనె చూడాలంటే భూతద్దం కావాలి.

మొదట కొన్నది చెత్త. "30 రెట్లు, 21 మిల్లీమీటర్లు, లైటుతో" అని రాసుంది, 250 రూపాయలు. బ్రాండ్ అంటూ ఏమీ లేదు, ఇలాంటివి ఆన్‌లైన్లో ఒకే బొమ్మతో యాభై దుకాణాలు అమ్ముతాయి. తెచ్చాక చూస్తే అంచుల్లో అంతా వంకర, తెల్ల కాగితం మీద నల్ల గీతకు ఒక పక్క నీలం, ఇంకో పక్క ఎరుపు. మా అబ్బాయి ఏడో తరగతి, వాడికి లెక్క చెప్పి ఇద్దరం కలిసి కొలిచాం. ఎట్లాగంటే, గదిలో కిటికీకి ఎదురు గోడ దగ్గర అద్దాన్ని పట్టుకుని, బయట చెట్టు బొమ్మ గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పడేదాకా ముందుకూ వెనక్కూ జరపాలి. అప్పుడు అద్దానికీ గోడకూ ఎంత దూరమో స్కేలుతో చూడాలి. మామూలు కన్ను హాయిగా చదవగలిగే దూరం 25 సెంటీమీటర్లు అని లెక్క, దాన్ని ఈ దూరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. నిజంగా 30 రెట్లయితే దూరం 8 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. మాకు వచ్చింది 2.8 సెంటీమీటర్లు. అంటే 9 రెట్లు! అయినా రూపాయి బిళ్ళంత వెడల్పున్న అద్దం 30 రెట్లు చూపించడం కుదిరే పని కాదు, అన్ని రెట్లు కావాలంటే అద్దం మిరియపు గింజంత అవుతుంది, కంటికి ఆనించి పెట్టుకోవాలి. డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత అనుమానించండి. 40, 60 అని కూడా రాస్తున్నారు.

రెండోది 10 రెట్లదే, కానీ మూడు గాజులు అతికించి చేసిన అద్దం. దీన్ని ట్రిప్లెట్ అంటారు. ఒకే గాజు ముక్క అయితే రంగులు చీలిపోయి అంచులు మసకబారతాయి, వేర్వేరు రకాల గాజులు, వేర్వేరు వంపులతో కలిపితే ఒకదాని దోషం ఇంకోటి సరిచేస్తుంది. 1,150 రూపాయలు అయింది. "గంత చిన్నదానికి గన్ని పైసలా" అన్నది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఇనప తొడుగులోకి మడుచుకుంటుంది, తాడు కట్టుకోవడానికి రంధ్రం ఉంది, బరువు తెలియదు. దీన్ని కొలిస్తే దూరం సరిగ్గా 2.5 సెంటీమీటర్లు. అంచుదాకా స్పష్టంగా ఉంది, నల్ల గీత నల్లగానే ఉంది. నగల దుకాణాల్లో కంటికి పెట్టుకుని వజ్రం చూస్తారే, అదే వస్తువు. ఇంతకంటే ఎక్కువ రెట్లు ఆకుల పనికి అక్కర్లేదు, పైగా ఎక్కువైన కొద్దీ కనిపించే జాగా చిన్నదై, వెలుతురు తగ్గి, చెయ్యి కాస్త వణికినా బొమ్మ పారిపోతుంది.

పట్టుకోవడం గురించి ఒక మాట. అందరూ పేపరు చదివే భూతద్దంలా చెయ్యి చాచి పట్టుకుంటారు, ఏమీ కనిపించక అద్దాన్ని తిడతారు. నేనూ మొదటి రోజు తిట్టాను. అద్దం కంటికి ఆనాలి, కనురెప్ప వెంట్రుకలు తగిలేంత దగ్గరగా. అద్దం పట్టుకున్న వేలు చెంపకు ఆనించి, ఇంకో చేత్తో ఆకును అద్దం దగ్గరికి తెచ్చుకోవాలి. ఆకు మీద ఎండ పడాలి, మన తల నీడ పడకూడదు. రెండో కన్ను మూయకండి, కాసేపటికి నొప్పి పుడుతుంది. ఇంతే. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఇక తంగేడు. గుట్ట మీద ఏ తంగేడు పొద దగ్గరైనా కూర్చుని, కాడ కొమ్మకు అతుక్కునే చోట చూడండి. రెండు పక్కలా గుండ్రంగా, ఆకుపచ్చగా, చెవుల్లాంటివి రెండు ఉంటాయి. వీటిని పాఠాల్లో పత్రపుచ్ఛాలు అంటారు. చాలా మొక్కల్లో ఇవి చిన్న ముల్లులానో, వెంట్రుకలానో ఉండి తొందరగా రాలిపోతాయి, తంగేడులో మాత్రం పెద్దగా ఉండి ఆకు ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, అందులో ఆరిక్యులేటా అంటే చెవులున్నది అనే. ఎన్నేళ్ళుగా ఈ పువ్వు తెంపుతున్నానో, చెవులు మాత్రం ఒక్కసారీ చూడలేదు. పువ్వే చూశాను. మీరు నర్సరీకి వెళ్ళినప్పుడు మొక్కకు పువ్వు లేకపోయినా ఫర్వాలేదు, చెవులున్నాయా లేవా చూడండి. లేకపోతే వచ్చేయండి, వాడు ఏ ఒట్టు పెట్టినా సరే.

చెవుల దాకా కన్ను చాలు అన్నాను కదా, ఆ తర్వాత చూసేవాటికే అద్దం. తంగేడు ఆకు ఈనె మీద, ఎదురెదురు చిట్టి ఆకుల జంట దగ్గర, నిటారుగా సన్నటి పుల్లలాంటిది నిలబడి ఉంటుంది. ప్రతి జంట మధ్యనా ఒకటి. ఎనిమిది నుంచి పన్నెండు జంటలుంటాయి, అన్నిటి దగ్గరా ఉంటుంది. ఇది తేనె ఊరే గ్రంథి. పువ్వులో తేనె లేదు, ఆకు మీద ఉంది! అందుకే తంగేడు పొద మీద చీమలు పువ్వు వైపు కాక ఈనె వెంబడి తిరుగుతుంటాయి. ఒక చీమ ఆ పుల్ల కొనకు నోరు ఆనించి నిలబడ్డప్పుడు అద్దంలో చూశాను, దాని మీసాలు ఆగకుండా ఆడుతున్నాయి. మా అబ్బాయి అరగంట కదల్లేదు, చివరికి అన్నం చల్లారుతోందని అరిచాను.

మరి పువ్వులో తేనె లేకపోతే తుమ్మెదలు ఎందుకు వస్తాయంటే, పుప్పొడికి. ఆ పుప్పొడి కూడా చేతికి అంటేలా బయట ఉండదు. పది కేసరాలుంటాయి, పై మూడు చిన్నవి, వాటిలో సరుకు లేదు, కిందివి పెద్దవి. అద్దం పెట్టి కేసరం కొన చూస్తే చిన్న కన్నం కనిపిస్తుంది. ఉప్పు డబ్బా మూతకున్నట్టు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును గట్టిగా పట్టుకుని ఒళ్ళు వణికిస్తే, ఆ కన్నం లోంచి పొడి చిమ్ముతుంది. గుట్ట మీద ఎగిరేటప్పటి మోత వేరు, పువ్వు మీద కూర్చున్నాక వచ్చే ఆ సన్నటి 'జుయ్' వేరు. విన్నాక మర్చిపోలేరు. ఇదంతా రివ్యూలో అవసరమా అంటే, పెట్టిన 1,150 రూపాయలకు నాకు దొరికింది ఇదే కాబట్టి రాస్తున్నా.

సీమ తంగేడుకు రండి. సెన్నా సయామియా, ఆగ్నేయాసియా నుంచి తెచ్చి నీడకూ కలపకూ పెంచుతున్న చెట్టు. ఆకు చూస్తే తంగేడులాగే ఉంటుంది, జంటల లెక్క కూడా దాదాపు అంతే, అందుకే నర్సరీలో పట్టుకోలేం. ఈనె మీద అద్దం పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరపండి. నున్నగా ఉంటుంది, గ్రంథి ఒక్కటీ లేదు. చెవులూ లేవు. పాతిక సెకన్ల పని. కాయ వచ్చాక అయితే అద్దం కూడా వద్దు, దాని కాయ జానెడు పొడుగు, కాస్త గట్టిగా ఉంటుంది, తంగేడు కాయ అందులో సగం, కాగితంలా పల్చగా ఉండి ఎండాక గలగలమంటుంది. ఇళ్ళ ముందు అందానికి పెట్టుకునే ఇంకో పసుపు పొద ఉంది, సెన్నా సురటెన్సిస్, దీన్ని కూడా తంగేడని అమ్మేవాళ్ళున్నారు. దీనికి గ్రంథులున్నాయి కానీ కింది రెండు మూడు జంటల దగ్గరే, పైకి పోయేకొద్దీ ఉండవు. రేల చెట్టును చూసి తంగేడనుకునేవాళ్ళుంటారా అంటే, ఉంటారు, కానీ దాని గొలుసులు కిందికి వేలాడతాయి, ఎండాకాలం పూస్తుంది, దానికి అద్దమూ వద్దు రివ్యూ వద్దు.

కసింద మాత్రం జాగ్రత్తగా చూడాలి. రోడ్డు పక్కన, పాడుబడ్డ గోడల పక్కన పెరుగుతుంది, ఆకు నలిపితే కంపు. దీని కాయలు పిల్లలు తినకుండా చూసుకోండి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చిన్నపిల్లలకు కాలేయం, కండరాలు, మెదడు ఒకేసారి దెబ్బతిని ప్రాణాలు పోతుంటే చాలాకాలం ఏదో వైరస్ మెదడువాపు అనుకున్నారు, తర్వాత అక్కడి డాక్టర్లు ఆరా తీస్తే పిల్లలు ఆడుకుంటూ తిన్న కసింద కాయలు కారణమని తేలింది. అందుకే మా అబ్బాయికి ముందు నేర్పింది దీన్నే. నాలుగైదు జంటల ఆకులు, కొన మొనదేలి ఉంటుంది, గ్రంథి ఆకుల మధ్యన కాదు, కాడ మొదట్లో, కొమ్మకు దగ్గరగా ఒకే ఒక్కటి, ఆవగింజలా గుండ్రంగా. దీనికి అచ్చం తోబుట్టువు పైడి తంగేడు. అక్కడా గ్రంథి కాడ మొదట్లోనే, ఒక్కటే. కానీ అద్దంలో చూస్తే గుండ్రంగా కాక కాస్త సాగి గదలా ఉంటుంది. ఆకు జంటలు ఎక్కువ, ఆకు సన్నం. కాయలు దొరికితే ఇంకా సులువు, కసింద కాయ బల్లపరుపుగా, అంచులు లేత రంగులో ఉంటాయి, పైడి తంగేడు కాయ ఉబ్బి ఉంటుంది. ఈ రెండిట్లో నాకు ఇప్పటికీ ఒక్కోసారి తడబాటు ఉంది, లేత మొక్కయితే చెప్పనని తప్పించుకుంటాను.

అద్దం పెట్టిన డబ్బు నిజంగా రాబట్టింది తగిరంచ దగ్గర. కొందరు తంటెం అంటారు. తొలకరికి పొలం గట్ల మీద, గుట్ట దిగువన ఎక్కడ చూసినా ఇదే, మూడే మూడు జంటల ఆకులు, కొన గుండ్రంగా, పొద్దుగూకితే ముడుచుకుంటాయి. లేత ఆకులు కూర వండుకుంటాం. ఇది ఒకటే మొక్క అని పుట్టినప్పటి నుంచి అనుకున్నా. రెండట! సెన్నా టోరా, సెన్నా ఆబ్ట్యూసిఫోలియా. లిన్నేయస్ 1753లోనే రెండిటికీ వేరు వేరు పేర్లు పెట్టాడు, అప్పట్లో కాసియా అనేవాళ్ళు, తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు ఇవి రెండూ ఒకటేనని కలిపేశారు, మళ్ళీ విడదీశారు. తేడా ఎక్కడంటే, టోరాలో కింది రెండు జంటల దగ్గరా గ్రంథులుంటాయి, రెండోదాంట్లో అట్టడుగు జంట దగ్గర ఒక్కటే. పువ్వు కాడ టోరాకు పొట్టి, రెండోదానికి పొడుగు. ఆ గ్రంథి నారింజ రంగు, పుల్లలా సన్నగా ఉంటుంది, మామూలుగా చూస్తే ఉందో లేదో అన్నట్టుంటుంది, రాలిపోయి ఉంటే ఆ చోటు మచ్చ కనిపిస్తుంది, మచ్చ కనిపించాలంటే మాత్రం మంచి అద్దమే కావాలి. 250 రూపాయల దానితో అదే ఆకు చూస్తే నాకు మచ్చకూ మట్టికీ తేడా తెలియలేదు.

ఒక ఆదివారం అత్తమ్మ ఒడినిండా కోసుకొచ్చిన తగిరంచ కూరంతా చాటలో పోసి, రెండు కుప్పలుగా వేరు చేశాను. గంటన్నర పట్టింది. ఎక్కువ పొడుగు కాడలదే, టోరా గుప్పెడు. గొప్పగా పిలిచి చూపించాను, ఇదిగో ఇది వేరు, ఇది వేరు అని. ఆమె అద్దం పెట్టుకుని, నేను చెప్పినట్టే కంటికి ఆనించి, రెండు ఆకులూ చూసింది, తేడా ఉందని ఒప్పుకుంది కూడా. తర్వాత రెండు కుప్పలూ కలిపి ఒకే చాటలో చెరిగి, "రెండూ కూరకే పోతయ్ గదనే, పప్పు పెట్టు" అంది.

గునుగు గురించి రాయకపోతే ఈ సంగతి పూర్తికాదు. గునుగు, సీతమ్మ జడ, రెండూ బతుకమ్మలో పక్కపక్క వరసల్లోనే ఉంటాయి, ఒకటి గుట్ట మీదా చేలల్లోనూ దానంతటది మొలిచే తెల్లటి వెండి కుచ్చు, ఇంకోటి పెరట్లో పెంచుకునే ఎర్రటి కోడి జుట్టు. పోలికే లేదు అనిపిస్తుంది. కానీ వృక్షశాస్త్రం లెక్కలో రెండూ సెలోసియా అర్జెంటియానే, తోటకూర కుటుంబం, పెంపకంలో మారిపోయిన రకం సీతమ్మ జడ. లిన్నేయస్ వీటిని మాత్రం రెండు జాతులుగా రాశాడు, ఇప్పుడు చాలామంది ఒకే జాతిలో రకాలుగా చూస్తున్నారు. తగిరంచలో ఒకటే అనుకున్నది రెండైంది, ఇక్కడ రెండనుకున్నది ఒకటైంది. అద్దం పెట్టి గునుగు కుచ్చు నుంచి ఒక్క పువ్వు విడదీసి చూడండి, ఐదు రేకులు, ఎండు కాగితంలా, మధ్యలో ఈనె గీత, లోపల ఐదు కేసరాలు అడుగున కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. సీతమ్మ జడ కింది భాగం నుంచి ఒకటి తీయండి, అదే గిన్నె, అవే ఐదు. రంగు ఒక్కటే మారింది. పైన ఆ మడతల జుట్టంతా కాడ చివర వెడల్పుగా సాగిపోవడం వల్ల వచ్చింది, అక్కడ గింజ కట్టేది తక్కువ, గింజ కావాలంటే కింద వెతకాలి. కాయ చుట్టూ గీత పడి పై సగం మూతలా ఊడుతుంది, లోపల నల్లటి గింజలు, నూనె పూసినట్టు మెరుస్తాయి. గునుగుకు రేకులు ముందే ఎండు కాగితంలా ఉంటాయి కాబట్టే తొందరగా వాడదు, రంగు నీళ్ళలో ముంచినా తీసుకుంటుంది, అది మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు.

ఉమామహేశ్వరం వెళ్ళినప్పుడు ఈ అద్దం ఇంకో రకంగా పనికొచ్చింది. నల్లమల అంచు, అమ్రాబాద్ పులుల అడవి వైపు కాబట్టి ఆకు తెంపకూడదు, తెంపాల్సిన అవసరమూ లేదు. కొమ్మను వంచి, ఉన్నచోటే చూసి, వదిలేయొచ్చు. మెట్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని పొదలోకి తల పెట్టిన నన్ను చూసి ఒక పెద్దాయన "ఏం పోయిందమ్మా, కమ్మనా?" అని తనూ వెతకడం మొదలుపెట్టాడు. అద్దం ఆయనకిచ్చి చీమను చూపించాను, కమ్మ సంగతి మర్చిపోయాడు.

లోపాలు. మడత దగ్గర స్క్రూ నాలుగు నెలలకే వదులైంది, కళ్ళజోడు బాగుచేసే అతను బిగించి పది రూపాయలు తీసుకున్నాడు. తాడు వాళ్ళు ఇవ్వరు, మనమే కట్టుకోవాలి, కట్టకపోతే గుట్ట మీద రాళ్ళ సందులో పడితే ఇక దొరకదు. వానలో తడిస్తే తొడుగు లోపల తేమ చేరి గాజు మసకబారుతుంది, ఎండలో ఆరబెడదామని మాత్రం అనుకోకండి, ఇది ముఖ్యం, ఎండను ఒక చుక్కగా పోగుచేసే వస్తువు, ఎండుగడ్డి మీద తెరిచి పెట్టినా, కారు డాష్‌బోర్డు మీద వదిలినా నిప్పు అంటుకోవచ్చు. దీంతో సూర్యుణ్ణి చూడకూడదని పిల్లలకు ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. ఇంకోటి, లైటున్నవి కొనకండి, ఆ తెల్ల లైటు నీలంగా ఉండి నారింజ గ్రంథి కూడా గోధుమ రంగులో కనిపిస్తుంది, మన ఎండ ఉండగా అది ఎందుకు. ఫోన్ కెమెరాకు ఆనించి ఫోటో తీయొచ్చు, బాగానే వస్తుంది, కానీ ఒకరు ఆకు పట్టుకోవాలి, ఒకరు ఫోన్, అద్దానికి మూడో చెయ్యి కావాలి.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి స్క్రూకు పోయింది. మూడు గాజులది అంత ధర వద్దనుకుంటే రెండు గాజులది తీసుకోండి, కానీ ఇంటికి వచ్చిన రోజే గోడ మీద బొమ్మ వేసి కొలవండి, తిరిగి పంపే గడువు లోపల. పూలు ఊరికే చూసి సంతోషపడేవాళ్ళకు ఇది అక్కర్లేదు. పెరట్లో తంగేడు పెట్టుకోవాలనుకునేవాళ్ళకు కూడా, మళ్ళీ చెప్తున్నా, అక్కర్లేదు, చెవులు చాలు.

నర్సరీకి మళ్ళీ పోలేదు. పోయిన ఏడు గుట్ట మీద ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజ పెంకు గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పాల ప్యాకెట్లలో 20 గింజలు వేశాను, 11 మొలిచాయి. సీమ తంగేడు చెట్లు ఆరింట్లో రెండు నీడకని మా ఆయన ఉంచుకున్నాడు, మిగతావి కొట్టించాం, ఆ జాగాలోనే వీటిని పెట్టాలి. ఇప్పుడు మూడంగుళాలున్నాయి. అద్దం తలుపు పక్క మేకుకు వేలాడుతోంది, అత్తమ్మ పొద్దున టీ గ్లాసు ఒక చేత, అద్దం ఒక చేత పట్టుకుని వెనక్కి పోతుంది. నిన్న మూడో ప్యాకెట్ దగ్గర వంగి, "ఓ పిల్లా, దీనికి చెవులొస్తున్నయ్, దా" అని పిలిచింది. వెళ్ళి చూస్తే కుడివైపుది విచ్చుకుంది, ఎడమది ఇంకా మడతలోనే ఉంది.